ఫిల్టర్ తయారయ్యేదాకా మీ బకెట్టే ఫిల్టర్

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల. ట్యాంకు కొత్తది, ఫిల్టర్ కొత్తది, చేపలు మాత్రం అప్పటికే లోపల ఈదుతున్నాయి. అందుకే గప్పీ పిల్లల సంగతి, గాజుకు పట్టే నాచు సంగతి వచ్చే నెలకు పెట్టి ఇదొక్కటే నిదానంగా మాట్లాడుకుందాం.

ప్రశ్న: సర్, మాది నల్లగొండ, పానగల్లు వైపు ఉంటాం. మా పాప పుట్టినరోజుకు మా తమ్ముడు రెండడుగుల అక్వేరియం, నాలుగు గోల్డ్‌ఫిష్‌లు, నీళ్లలో ముంచి పెట్టే మోటార్ ఫిల్టర్ తెచ్చిచ్చాడు. ఫిల్టర్ ఉంది కదా, ఆరు నెలలు నీళ్లు ముట్టుకోనక్కర్లేదని షాపతను చెప్పాడట. ఐదో రోజుకు నీళ్లు బియ్యం కడిగినట్టు తెల్లగా అయిపోయాయి, చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. మా ఆయన నిన్న నీళ్లన్నీ పారబోసి, స్పాంజిని సబ్బుపొడితో ఉతికి, ఆర్‌ఓ నీళ్లు నింపారు. పొద్దున లేచి చూస్తే ఒకటి చచ్చి తేలింది. పాప అన్నం సరిగా తినట్లేదు. మిగిలిన మూడింటినైనా ఎట్లా కాపాడుకోవాలి? షాపులో అడిగితే నీలం మందు వెయ్యమంటున్నారు.

జవాబు: అక్కా, ముందు చెయ్యాల్సిన పని చెప్తా, కారణాలు తర్వాత.

నీలం మందు మూత తియ్యకండి. అది మిథిలిన్ బ్లూ. ఫంగస్‌కు పనికొస్తుంది కానీ మీ చేపలకు ఇప్పుడున్నది రోగం కాదు, పైగా మనం పెంచాల్సిన బాక్టీరియాను కూడా అది దెబ్బతీస్తుంది. ఇవాళ, రేపు తిండి బంద్. గోల్డ్‌ఫిష్ రెండు రోజులు పస్తుంటే ఏమీ కాదు, పాప బాధపడితే మూడో రోజు తనతోనే వేయించండి, కానీ ఒక్కో చేపకు రెండు గింజలే. సబ్బుపొడితో ఉతికిన స్పాంజి పడేసి కొత్తది కొనండి, ఎంత జాడించినా లోపల సబ్బు మిగులుతుంది, అది మొప్పలకు మంచిది కాదు. ఫిల్టర్ మోటారును నీళ్ల పైభాగానికి జరిపి, దాని ధార నీటిమట్టాన్ని కదిలించేలా తిప్పండి. ఇంట్లో ఎయిర్ పంపు ఉంటే అదీ పెట్టెయ్యండి. కొరమీను అయితే పైకొచ్చి గాలి పీల్చుకుని బతికేస్తుంది, గోల్డ్‌ఫిష్‌కు ఆ వరం లేదు, నీళ్లలో కలిసిన ఆక్సిజనే దిక్కు.

ఇక నీళ్ల సంగతి. రెండడుగుల ట్యాంకంటే 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు. గుణించి వెయ్యితో భాగిస్తే 54 లీటర్లు, అంచుదాకా నింపం కాబట్టి 48 అనుకోండి. ఇవాళ పొద్దున 5 లీటర్లు తీసి 5 లీటర్లు నల్లా నీళ్లు పొయ్యండి, సాయంత్రం ఇంకో 5. రేపు, ఎల్లుండి కూడా అంతే. నాలుగో రోజు నుంచి రోజూ 15 లీటర్లు, అంటే ముక్కాలు బకెట్టు. ఒకేసారి సగం మార్చమని ఇంకెవరికైనా చెప్పేవాణ్ణే, మీకు ఎందుకు కొంచెం కొంచెం చెప్తున్నానో విడిగా చెప్పాలి.

చేప మొప్పల నుంచి, రెట్ట నుంచి, మిగిలిపోయిన తిండి నుంచి అమ్మోనియా వస్తుంది. అది నీళ్లలో రెండు వేషాల్లో ఉంటుంది, ఒకటి విషం, ఇంకోటి అంత ప్రమాదం లేనిది. ఏది ఎంతన్నది పీహెచ్, అంటే నీళ్లలో ఆమ్లం ఎక్కువా క్షారం ఎక్కువా చెప్పే కొలత, తేలుస్తుంది. 25 డిగ్రీల నీళ్లలో పీహెచ్ 7 అయితే మొత్తం అమ్మోనియాలో విషం ఒక్క శాతం కూడా ఉండదు, 8 కి వస్తే 5 శాతం దాటుతుంది, 8.5 దగ్గర 15 శాతం. నీళ్లు వేడెక్కితే ఇంకా పెరుగుతుంది, మన ఎండాకాలం ట్యాంకు నీళ్లు 32 డిగ్రీలకు చేరినప్పుడు పీహెచ్ 8 దగ్గరే 8 శాతం పైకి పోతుంది. ఆర్‌ఓ నీళ్లలో పీహెచ్ తక్కువ. వాటిలో కూడిన అమ్మోనియా మీద ఒక్కసారిగా పీహెచ్ ఎక్కువుండే గట్టి నల్లా నీళ్లు గుమ్మరిస్తే, అప్పటిదాకా పడుకున్న పాము లేచినట్టే. మీ ట్యాంకులో నీళ్లు నిన్ననే నింపినవి కాబట్టి అమ్మోనియా ఇంకా పెద్దగా కూడి ఉండదు, అందుకే ఆలస్యం చెయ్యకుండా ఇవాళే మొదలుపెట్టమంటున్నా.

ఆర్‌ఓ ఎందుకు వద్దంటున్నానో కూడా వినండి, మీ ఆయన్ను తిట్టకండి. నల్లగొండలో బోరు నీళ్ల భయం తెలియని ఇల్లు లేదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేస్తే దానికి పేరే నల్లగొండ పద్ధతి అని పడింది. అట్లాంటి ఊళ్లో మంచి నీళ్లంటే ఆర్‌ఓ అనుకోవడం సహజం. కానీ చేపకు కావాల్సిన లవణాలు ఆర్‌ఓలో ఉండవు. ఇంకో సంగతి, అమ్మోనియాను తినే బాక్టీరియా తిండితో పాటు నీళ్లలోని క్షారాన్ని కూడా వాడుకుంటుంది, ఒక మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్‌కు ఏడు మిల్లీగ్రాముల పైచిలుకు. ఆర్‌ఓలో ఆ సరుకే లేదు. కొన్నాళ్లకు పీహెచ్ 6 కు జారిపోయి బాక్టీరియా చేతులెత్తేస్తుంది.

నల్లా నీళ్లకు ఒకటే జాగ్రత్త, క్లోరిన్. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని తాగునీటి ప్రమాణం. అది మన కడుపుకు రక్ష, చేప మొప్పలకు మంట. భగీరథ నీళ్లు కొన్ని రోజులు మూత తియ్యగానే వాసన కొడతాయి చూడండి, అదే. వెడల్పాటి టబ్బులో 24 గంటలు ఎయిర్ పంపు పెట్టి ఉంచితే పోతుంది. తొందరుంటే యాంటీ క్లోరిన్ చుక్కలు, సీసా మీద రాసిన కొలత ప్రకారం. అందులో ఎక్కువగా ఉండేది సోడియం థయోసల్ఫేట్, పాత ఫొటో స్టూడియోల వాళ్లు హైపో అనేవాళ్లే, అదే.

ఇప్పుడు అసలు సంగతి. మీ తమ్ముడు తెచ్చింది ఫిల్టర్ కాదక్కా, ఖాళీ ఇల్లు. మోటారు నీళ్లు లాగుతుంది, స్పాంజి చెత్తను పడుతుంది, అంతవరకే. అమ్మోనియాను పట్టేది స్పాంజి సందుల్లో జిగటలా పెరిగే బాక్టీరియా. ఒక రకం అమ్మోనియాను నైట్రైట్ చేస్తుంది, అదీ విషమే. ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్ చేస్తుంది, దాంతో అంత భయం లేదు, వారానికోసారి నీళ్లు మార్చి తీసెయ్యొచ్చు. ఇవి చాలా నిదానపు జీవులు. మామూలు బాక్టీరియా తిండి దొరికితే గంటలోపే రెట్టింపవుతుంది, మీ నీళ్లు తెల్లబడింది వాటివల్లే. మనకు కావాల్సినవి రెట్టింపు కావడానికి సగం రోజు నుంచి రోజు పైన పడుతుంది. మొత్తం కుదురుకునేసరికి నాలుగు నుంచి ఆరు వారాలు. దీన్నే సైక్లింగ్ అంటారు. చేపలు లేకుండా ముందే చేసుకోవడం ఉత్తమం, కానీ మీకు ఆ దారి మూసుకుపోయింది. కాబట్టి ఈ ఆరు వారాలూ బాక్టీరియా చెయ్యాల్సిన పని మీ బకెట్టు చెయ్యాలి.

తెల్లదనం కనిపించగానే నీళ్లన్నీ పారబొయ్యడం అందరూ చేసే పనే. దానంతట అది నాలుగైదు రోజుల్లో విరిగిపోతుంది. నీళ్లు తేటబడ్డాయి కదా అని నమ్మడం దానికన్నా పెద్ద పొరపాటు. అమ్మోనియాకు రంగు లేదు, ఆ మోతాదులో మన ముక్కుకు వాసనా తగలదు. చుక్కల టెస్ట్ కిట్ తెప్పించుకోండి, అమ్మోనియాకు ఒకటి, నైట్రైట్‌కు ఒకటి. చేపల కన్నా కిట్ ఖరీదే, అయినా కొనండి. పీపీఎం అని రాసి ఉంటుంది, లీటరుకు మిల్లీగ్రాము అని అర్థం. చాలా కిట్లలో అమ్మోనియా లేకపోతే గొట్టంలో నీళ్లు పసుపు, ఉన్నకొద్దీ ఆకుపచ్చ. మా ఇంట్లో రాత్రి ట్యూబులైటు కింద చూస్తే ఎప్పుడూ కొంచెం ఆకుపచ్చగానే కనపడేది, టెన్షన్‌తో మళ్లీ నీళ్లు మార్చేవాణ్ణి. పొద్దున గొట్టాన్ని తెల్ల కాగితానికి ఆనించి కిటికీ దగ్గర చూస్తే శుభ్రమైన పసుపు. పగటి వెలుగులోనే చూడండి.

రోజూ ఒకే వేళకు చూసి క్యాలెండర్ మీద గడిలో రాసిపెట్టండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ కలిపి అర పీపీఎం దాటితే ఆ రోజు సగం నీళ్లు, దాటకపోతే 15 లీటర్లు. సగం మార్చడమన్నది నీళ్లన్నీ నల్లావే అయ్యాకే, అంటే పది రోజుల తర్వాత. ఇక్కడ లెక్క మోసం చేస్తుంది: పావు వంతు నీళ్లు మారిస్తే విషం పావు వంతే తగ్గుతుంది, ముప్పావు అక్కడే ఉంటుంది. ఒక్క పీపీఎం చూపిస్తుంటే ఒక మగ్గు తీసి ఒక మగ్గు పోసి తృప్తిపడితే లాభం లేదు.

రెండో వారం చివర్లోనో మూడో వారంలోనో అమ్మోనియా తగ్గి నైట్రైట్ లేస్తుంది. చాలామంది అమ్మోనియా సున్నా చూసి సంబరపడి అక్కడే ఆపేస్తారు, చేపలు పోయేది అప్పుడే. నైట్రైట్ రక్తంలోకి పోయి ఆక్సిజన్‌ను మొయ్యనివ్వదు, మొప్పలు ఎర్రగా ఉండాల్సినవి గోధుమరంగుకు తిరుగుతాయి. దీనికి ఉప్పు బాగా పనిచేస్తుంది. ఉప్పులోని క్లోరైడ్ మొప్పల దగ్గర నైట్రైట్‌కు అడ్డం పడుతుంది. అయోడిన్ కలపని దొడ్డుప్పు, లీటరుకు అర గ్రాము లెక్కన మీ ట్యాంకుకు 24 గ్రాములు, విడిగా మగ్గులో కరిగించి రెండు మూడు సార్లుగా పొయ్యండి. ఆవిరైన నీళ్లతో పాటు ఉప్పు పోదు, కాబట్టి మట్టం తగ్గిందని నింపేటప్పుడు మళ్లీ వెయ్యకూడదు. బకెట్టుతో ఎన్ని లీటర్లు తీశారో అన్నింటికే కొత్తగా వెయ్యాలి. ట్యాంకులో మొక్కలున్నా, మీసాల చేపలున్నా ఇంకా తక్కువ వెయ్యండి.

రెండూ సున్నా చూపించి, మామూలు తిండి వేస్తూ కూడా వారం రోజులు సున్నాలోనే ఉంటే ఫిల్టర్ నిలబడినట్టు. ఆ తర్వాత వారానికోసారి పావు వంతు మారిస్తే సరిపోతుంది. అప్పటిదాకా చచ్చిన చేప స్థానంలో కొత్తది తేవద్దు, పాప అడిగినా సరే. నిజం చెప్పాలంటే 48 లీటర్లలో నాలుగు గోల్డ్‌ఫిష్‌లు ఎక్కువే, పెద్దయ్యాక ఆ మూడింటికే చాలదు.

ప్రశ్న: అన్నా, మహబూబ్‌నగర్ నుంచి రాస్తున్నా. మూడేళ్లుగా నడుస్తున్న ట్యాంకు, చేపలు బాగానే ఉన్నాయి. పాత ఫిల్టర్ మోటారు గరగరమంటోంది, పడుకోనివ్వట్లేదు. పెద్ద ఫిల్టర్ తెచ్చాను. పాతది తీసేసి కొత్తది పెట్టేస్తే అయిపోయిందా?

జవాబు: ఆగు తమ్ముడూ, తీసెయ్యకు. నేను చేసిన ఘనకార్యం విన్నాక నీ ఇష్టం. మా ఇంట్లో నాలుగడుగుల ట్యాంకు చాలా ఏళ్లు నిక్షేపంగా నడిచింది. ఒక దసరాకు చుట్టాలొస్తున్నారని ఇల్లంతా దులుపుతూ ఆ ఊపులో స్పాంజి కూడా తీసి నల్లా కింద పెట్టి పిండాను. మొదట కాఫీ డికాషన్‌లా గోధుమరంగు నీళ్లు కారాయి, ఇంత మురికి పెట్టుకున్నామా అని ఇంకా పిండాను, కొన్నప్పుడు ఎట్లా ఉందో అట్లా తెల్లగా అయ్యేదాకా వదల్లేదు. చుట్టాలు ట్యాంకు చూసి మెచ్చుకున్నారు. మూడో రోజు చేపలు రెక్కలు ముడుచుకుని మూలకు చేరాయి, వారంలో ఐదు పోయాయి. నేను కాల్వలో పోసింది మురికి కాదు, నా ఫిల్టర్‌ను.

కాబట్టి కొత్తదాన్ని పాతదాని పక్కనే పెట్టి రెండూ కలిపి నెలా నెలన్నర నడిపించు. గరగర భరించలేకపోతే పాత స్పాంజిని కోసి కొత్త ఫిల్టర్ గదిలో ముందు పెట్టు, లేదా పాత ఫిల్టర్‌లోని సిరామిక్ రింగులను వాటి మెష్ సంచిలోనే ఉంచి కొత్తదాంట్లోకి మార్చు. పని అరగంటలో అయిపోవాలి, స్పాంజి ఆరకూడదు, ట్యాంకు నీళ్లున్న గిన్నెలో ఉండాలి. మార్చిన తర్వాత పది రోజులు తిండి సగానికి తగ్గించి అమ్మోనియా చూస్తుండు. ఇకమీదట స్పాంజి పిండాలంటే ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే, రెండు పిండులు, చాలు. నెలకోసారి కాట్రిడ్జ్ మార్చమని డబ్బా మీద రాస్తారు, అది వాళ్ల వ్యాపారం. చిరిగి పీలికలయ్యేదాకా స్పాంజి పనిచేస్తుంది.

నీలాంటివాళ్లు ఇంకో పుణ్యం కూడా కట్టుకోవచ్చు. కొత్తగా ట్యాంకు పెట్టిన స్నేహితుడికి నీ స్పాంజిలోంచి ఒక ముక్క కోసివ్వు, తడిగా కవర్లో పెట్టి అదే పూట చేర్చు. నెల పట్టేది వారం పది రోజుల్లో కుదరొచ్చు. నీ చేపల్లో తెల్లమచ్చల రోగం లాంటివి ఏమీ లేవని తెలిస్తేనే సుమా, రోగమూ ఆ ముక్కతోనే పోతుంది.

ప్రశ్న: దేవరకొండ దగ్గర ఊరు మాది. గాలివానకు తీగలు తెగి రాత్రంతా కరెంటు లేదు. ఫిల్టర్ పెట్టి మూడు వారాలే అయింది. పెంచిన బాక్టీరియా అంతా చచ్చిపోయిందా? మళ్లీ మొదటికా?

జవాబు: అంత పరేషాన్ అక్కర్లేదు. ఆ బాక్టీరియాకు ఆక్సిజన్ కావాలి, నీళ్లు కదలకపోతే నీరసపడుతుంది, కానీ ఒక్క రాత్రికి మొత్తం పోదు. ట్యాంకు లోపల ఉండే స్పాంజి ఫిల్టర్ అయితే ఇంకా నయం. బయట మూతబిగించి ఉండే క్యానిస్టర్ రకం అయితే గంటల తరబడి నిలవున్న నీళ్లు లోపల కుళ్లుతాయి, కరెంటు రాగానే స్విచ్ వెయ్యకుండా ముందు ఆ నీళ్లు పారబోసి, ట్యాంకు నీళ్లతో ఒకసారి తొలిచి, అప్పుడు నడిపించండి. రెండు రోజులు తిండి తగ్గించి కిట్‌తో చూడండి, పెరిగితే నీళ్లు మార్చండి.

ఈలోగా చేపల ఊపిరి సంగతి. 25 డిగ్రీల నీళ్లు లీటరుకు 8 మిల్లీగ్రాముల పైన ఆక్సిజన్ పట్టుకోగలవు, 32 దగ్గర 7.3 మాత్రమే, అదీ నీళ్లు కదులుతూ ఉంటే. కరెంటు పోయినప్పుడు పావుగంటకోసారి మగ్గుతో నీళ్లు తీసి జానెడు ఎత్తు నుంచి పొయ్యండి. బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో ఉంటే ఆ తిప్పలుండవు. ఎయిర్ పంపును ఎప్పుడూ నీటిమట్టం కన్నా ఎత్తులో పెట్టండి, లేకపోతే కరెంటు పోగానే పైపులోంచి నీళ్లు వెనక్కి జారి పంపులోకి, అక్కణ్నుంచి స్విచ్ బోర్డు మీదకు వస్తాయి.

ప్రశ్న: వనపర్తి నుంచి. సీసాలో అమ్మే బాక్టీరియా వేస్తే సైక్లింగ్ అవసరం లేదంటున్నారు, నిజమేనా?

జవాబు: కొన్ని పనిచేస్తాయి, కొన్ని ఉత్త నీళ్లు. సీసాలో ఉన్నది ప్రాణమున్న సరుకు, మే నెలలో లారీలోనో షాపు అద్దాల వెనకాలో ఎండకు మగ్గితే లోపల ఏం మిగులుతుంది? ఇంకో చిక్కుంది. అక్వేరియంలో నైట్రైట్‌ను తినేది నైట్రోబాక్టర్ అని చాలాకాలం అనుకున్నారు, 1998లో పరిశోధకులు చూస్తే అక్కడ పనిచేస్తున్నది నైట్రోస్పైరా అనే వేరే రకమని తేలింది. చీటీ మీద ఆ పేరుందా, తేదీ దాటిందా చూసుకుని, కావాలంటే వేసుకోండి. వేసినా కిట్ మాత్రం మానకండి.

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి, మాది నకిరేకల్. కిట్ కొనమంటే నాన్న తిడుతున్నాడు. మనీప్లాంట్ పెడితే నీళ్లు శుభ్రమవుతాయని మా ఫ్రెండ్ చెప్పాడు.

జవాబు: మీ ఫ్రెండ్ చెప్పింది నిజమే, అమ్మోనియానూ నైట్రేట్‌నూ మొక్క పీల్చుకుంటుంది. కానీ కొత్త తీగకు వేర్లు పట్టడానికే రెండు మూడు వారాలు, అంతవరకు నీళ్లు మార్చాల్సింది నువ్వే. కిట్ లేకపోతే అనుమానం వచ్చినప్పుడల్లా కాదు, రోజూ మూడో వంతు మార్చు, క్లోరిన్ తీసిన నీళ్లతో, చెయ్యి పెట్టి చూస్తే ట్యాంకు నీళ్లంత వెచ్చగానే ఉండేలా. వేర్లు మాత్రమే నీళ్లలో ఉండాలి, ఆకులు బయట. ఆకు మునిగి కుళ్లిందంటే వచ్చేది మళ్లీ అమ్మోనియానే.